తూము కాడ వేసిన ముడి

"చిన్నమ్మమ్మా, మీరంతా రాజమండ్రికి నడిచే వెళ్ళేవాళ్ళంట కదా. ఏ దారినో వరసగా చెప్పవా, రికార్డు చేసుకుంటాను."

చెప్తాను గానీ ముందు కూకో. ఆ మంచం మీద కాదే, దాని కోడు ఊగుతుంది, ఆ ప్లాస్టిక్ కుర్చీ లాక్కో. ఫోను అక్కడ పెడితే నా మాట పడుద్దా? గట్టిగా అరవక్కర్లేదా? సరే. మీ అమ్మ ఏది? కూర పొయ్యి మీద ఉందా, దించేసి వత్తానందా. రానీలే.

ఏంటీ, ముందు పేరు చెప్పాలా? నా పేరు నీకు తెలీదా ఏంటి? ఓహో, మీ మేష్టార్లు వింటారా. అయితే చెప్తాను వినండి. నా పేరు నూకాలమ్మ. ఈ పిల్ల పావని, రాజమండ్రిలో చదువుతుంది, ఊళ్ళకి రోడ్లూ దార్లూ గీసే చదువంట. దీని అమ్మమ్మ మంగ, నేనూ తోడికోడళ్ళం. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలిని, అక్కా అని పిలిచేదాన్ని. దీని తాతా, మా ఆయనా అన్నదమ్ములు, ఒకే పడవ మీద వేటకెళ్ళేవాళ్ళు. ఆళ్ళు గోదాట్లో చేపలు పట్టేవాళ్ళు, మేం ఇద్దరం గంపలకెత్తుకుని రాజమండ్రి తీసుకెళ్ళి అమ్మేవాళ్ళం. ఆ ముగ్గురూ పోయారు. నేను మిగిలాను. చాలా?

ఏదీ, నువ్వు గీసింది చూపించు. ఈ నీలం గీతేనా? ఇది హైవే కదే! ఫోను ఇదే చూపించిందంటే, ఫోను ఎప్పుడైనా నడిచిందా? లారీల పక్కన, తారు మీద, ఆ ఎండలో ఎవరు నడుత్తారు? ఆదివారం నీతో చదివే పిల్లల్నందర్నీ తీసుకుని నడుత్తానన్నావు, పైగా మీ అమ్మ కూడా వత్తానంటది. దానికి మెట్లు ఎక్కితేనే మోకాళ్ళు పట్టేత్తాయి. నువ్వైనా వద్దని చెప్పొద్దా? చెప్పావా. వినలేదా. అది వినదులే, వాళ్ళ అమ్మ పోలిక.

సరే, రాసుకో. పేట దాటగానే ఏటిగట్టు ఎక్కాలి. అక్కణ్ణించి తూము దాకా ఒకటే దారి. తూమంటే, ఏటి నీళ్ళు చేలల్లోకి వదిలే తూము, ఇప్పుడు ఇనప చక్రం బిగించారు చూడు, అది. తూము కాడ దారి రెండు చీలతది. ఎడంచేతి దారి గట్టు మీదే గోదారి పక్కన ఎళ్తది. కుడిచేతి దారి చేల మధ్యలోంచి కాలవగట్టు ఎక్కుతుంది. రెండూ ఎళ్ళి ధవళేశ్వరం కాడ కలుత్తాయి. అక్కణ్ణించి రాజమండ్రి ఇక ఎంత, ఊరు మొదలైపోయినట్టే.

ఎన్ని కిలోమీటర్లంటే నాకేం తెలుసే. మాకు దింపుల లెక్క. మూడు దింపులు. తూము కాడ ఒకటి, మధ్యలో ఒకటి, ధవళేశ్వరం కాడ ఒకటి. దింపంటే గంప దింపుకునే చోటన్నమాట. ఊరికే నేల మీద పెట్టేత్తే కుదరదు. తడి చేపల గంప ఎంత బరువు ఉంటదో నీకు తెలీదు, నేల మీద పెట్టావనుకో, మళ్ళీ నీ అంతట నువ్వు నెత్తికెత్తుకోలేవు. ఇంకో మనిషి చెయ్యి వెయ్యాల్సిందే. అందుకని ఎవరో పెద్దలు ఎప్పుడో దిమ్మలు కట్టించారు. మనిషి తల ఎత్తున రాతి దిమ్మ. దాని పక్కకెళ్ళి మెడ వంచకుండా గంప దాని మీదకి జరిపేసి, కాసేపు గాలి పీల్చుకుని, మళ్ళీ తల కింద పెట్టి ఎత్తుకోవడమే. తూము కాడ గోడే మాకు దిమ్మ. మధ్యలోది, గట్టు దారిలో అయితే ఇటుక బట్టీల కాడ, కాలవ దారిలో అయితే లాకుల కాడ.

బస్సా? బస్సు ఉండేది. కండక్టరు గంపని చూసి అల్లంత దూరం నుంచే చెయ్యి ఊపేవాడు, "దిగండమ్మా దిగండి, వాసన" అని. ఎక్కందే దిగమంటే ఎలాగా? మా ఆయన ఒకసారి వాడితో పోట్లాడాడు కూడా. ఆ కండక్టరే ఆదివారం మా పేటకొచ్చి జెల్ల చేపలు బేరమాడేవాడు. అప్పుడు వాసన లేదు వాడికి. ధవళేశ్వరంలో టీ పావలా అప్పుడు, ఇద్దరం ఒక గ్లాసు పంచుకునే వాళ్ళం, అక్క సగం, నేను సగం. ఎప్పుడూ నా సగమే ఎక్కువ ఉండేది.

ఏం చెప్తున్నాను? ఆఁ, తూము. వర్షాకాలంలో తూము కాడే చూసుకోవాలి. గట్టు దారి ఎండాకాలం హాయి. గోదారి గాలి, కాలికింద మెత్తగా ఇసక. వాన పడిందా, జిగురు మట్టి, అడుగు తీత్తే అడుగు రాదు. కాలవ దారి అలా కాదు, గ్రావెల్ పోసుండేది. కానీ నాట్లప్పుడు చేల మధ్య గట్లు తెంపేసి నీళ్ళు పెట్టేవాళ్ళు, మోకాటి లోతు ఉండేది. అందుకని ఏ రోజుకి ఆ రోజే చూసుకోవాలి. ముందెళ్ళినావిడ గంప తూము గోడ మీద పెట్టి, అటు కొంచెం ఇటు కొంచెం ఎళ్ళి చూసొచ్చేది. వచ్చి, బాగున్న దారి మొదట్లో రెల్లు దుబ్బుకి ముడి వేసి ఎళ్ళేది.

నవ్వకే. మీ ఫోన్లో ఆవిడ "కుడివైపు తిరగండి" అనదూ? మాకు అదే. కానీ ఆ ముడికి రెండు మాటలున్నాయి. ఒకటి, ఈ దారి బాగుంది, ఇటు రా అని. రెండోది, మధ్య దింపు కాడ నీ కోసం ఆగి ఉంటాను అని. ముడి వేసినావిడ ఆగి తీరాలి. వెనకొచ్చినావిడకి చెయ్యి సాయం చేసి, ఇద్దరూ కలిసి రాజమండ్రిలో అడుగు పెట్టాలి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎవరు వేసిన ముడి ఆళ్ళే విప్పాలి. ఇంకొకళ్ళు ముట్టకూడదు. ఎవరి ముడి ఏదో మాకు తెలుసు. నాది రెండు చుట్లు, కొస లోపలికి దోపేదాన్ని. మీ అమ్మమ్మది ఒకటే చుట్టు.

మా ఇద్దరిలో ఎప్పుడూ నేనే ముందెళ్ళేదాన్ని. మొదటి వల చేపలు నా గంపలోకి, రెండో వల చేపలు అక్క గంపలోకి. చేప చెడిపోకూడదని నన్ను ముందు పంపేసేది, తను చివరి దాకా రేవులో ఉండేది. మంచిదే కదా? ఇప్పుడు మంచిదే అంటాను. అప్పుడు నాకు ఎలా ఉండేదో తెలుసా? రెండో వల చేప ఎప్పుడూ పెద్దది అని కడుపులో మంట. నిజంగా పెద్దదో కాదో నేను చూసింది లేదు.

మీ అమ్మమ్మ మంచిదే పావనీ. మంచోళ్ళ పక్కన బతకడం ఎంత కష్టమో నీకు తెలీదు. రాజమండ్రిలో ఒక ప్లీడరు గారి ఇల్లు ఉండేది, అక్కకి వాడుక ఇల్లు. ఆ అమ్మగారు చేప మొప్ప కూడా ఎత్తి చూసేది కాదు. "మంగ తెచ్చిందంటే చూడక్కర్లేదు" అనేది. నేను పక్కనే నిలబడి ఉండేదాన్ని, నా గంపలో ఉన్నదీ అదే గోదారి చేప, పట్టింది అదే పడవ. నా వంక చూసి, "ఈ అమ్మాయి మీ తోడికోడలా" అనేది ప్రతిసారీ. ఆరేళ్ళపాటు ప్రతిసారీ అడిగింది. నా పేరు ఒక్కసారి అడగలేదు. ఒక్కసారి "నూకాలు తెచ్చిందంటే చూడక్కర్లేదు" అని ఆవిడ నోట వినాలని ఉండేది నాకు. ఇప్పుడు చెప్తుంటే సిగ్గేత్తుంది. అంతేనే, అంతకంటే ఏం లేదు. పెద్ద ఆస్తి కాదు, నగా కాదు.

మంచినీళ్ళియ్యి ఒకసారి. ఆ స్టీలు గ్లాసులో. ఊఁ.

గోదారికి ఎర్రనీరు వచ్చిన రోజులు. పులస పడే కాలం. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, పట్టేవాళ్ళం మేం ఎప్పుడూ తినలేదు, అమ్మడమే. నాలుగు రోజులుగా వాన. మిగతా ఆడోళ్ళెవరూ బయల్దేరలేదు, మేం ఇద్దరమే. ఆ తెల్లారగట్ల మొదటి వల్లో ఒక పులస పడింది. నా గంపలో వేశారు. నేను నెత్తిన చుట్టగుడ్డ సర్దుకుని గంప ఎత్తించుకుంటున్నానా, రెండో వల్లో ఇంకోటి పడింది. అక్క గంపలోకి. దానిది పెద్దది. ఈసారి నేను చూశాను, నిజంగానే పెద్దది. మా ఆయన రేవులోంచి అరిచాడు, "వదినా, ప్లీడరు గారింటికి అల్లుడొచ్చాడంట, పులస అడిగారు కదా, ఇదిచ్చెయ్" అని. నా గంపలోనూ పులస ఉందని ఆయనకి గుర్తే లేదు.

ఆ మాట నెత్తి మీద గంపకంటే బరువుగా మోసుకెళ్ళాను తూము దాకా.

తూము గోడ మీద గంప పెట్టాను. చేల మధ్య దారి చూశాను. నీళ్ళు తీసేశారు, గ్రావెల్ కనపడుతుంది, బాగుంది. గట్టు దారి నేను చూడలేదు. చూడక్కర్లేదు, నాలుగు రోజుల వానకి ఎలా ఉంటదో చంటిపిల్లకైనా తెలుసు. ఒక్క క్షణం నిలబడ్డాను. అంతే. ఎడంచేతి పక్కకెళ్ళి, గట్టు దారి మొదట్లో రెల్లు దుబ్బుకి ముడి వేశాను. రెండు చుట్లు, కొస లోపలికి. వేసి, వచ్చి, గంప ఎత్తుకుని కుడిచేతి దారిన ఎళ్ళిపోయాను.

అలా చూడకే నా వంక. అటు చూడు, లేదంటే చెప్పలేను.

అక్కకి ఏదో అవ్వాలని కాదు. ఒట్టు. బురదలో ఒక అరగంట ఆలీసం అవుద్ది, ఇటుక బట్టీల కాడ దిమ్మ మీద గంప పెట్టుకుని నా కోసం చూత్తది, లేనని తెలిసి తిట్టుకుంటూ తనే ఎత్తుకుని వత్తది. ఈలోగా నేను ప్లీడరు గారింట్లో నా పులస ఇచ్చేత్తాను. ఒక్కసారి. ఒక్క రోజు. "అక్కా, ముడి పొరపాటున అటు వేశానే" అని నవ్వేత్తే అక్క కూడా నవ్వేత్తది. అలా అనుకుంటూ నడిచాను. లాకుల కాడ దింపుకోలేదు కూడా, పరిగెత్తినట్టు ఎళ్ళాను.

ప్లీడరు గారి అమ్మగారు తలుపు తీసింది. "మంగ రాలేదా?" అంది. "వెనక వత్తుందండి, నా కాడ పులస ఉందండి, అమ్మగారూ చూడండి" అన్నాను. ఆవిడ చూడలేదు. "మంగ తెస్తానంది అమ్మాయ్, దాని కోసం ఆగుతాను, ఏమనుకోకు" అంది. అరుగు మీద కూర్చోమంది. కూకున్నాను. ఎండ అరుగు మీదకి వచ్చేదాకా కూకున్నాను. అక్క రాలేదు. ఆవిడ రెండుసార్లు బయటికొచ్చి వీధి చివరికి చూసి లోపలికెళ్ళింది. చివరికి నేనే లేచి ఎళ్ళిపోయాను. ఆ పులస బజార్లో ఎవరికో వచ్చిన రేటుకి ఇచ్చేశాను. ఎవరికిచ్చానో గుర్తు లేదు.

అప్పుడు భయమేసింది నాకు. అక్క మాటంటే మాటే. తెస్తానంటే తెచ్చి తీరుద్ది. ధవళేశ్వరం దాకా ఎదురెళ్ళాను, అక్కడ గట్టు దారి వచ్చి కలిసే చోట నిలబడ్డాను. ఆ దారిన ఎళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. ఎందుకు రాలేదంటే...

ఇందాక ఒక మాట చెప్పాను కదా, గట్టు దారి నేను చూడలేదని. అది అబద్ధం. రికార్డు అయిపోయిందా? అవనీ. తుడవకు. నిజం ఇది. అంతకుముందు రోజే, చేలల్లో నీళ్ళున్నాయని, నేను గట్టు దారిన వచ్చాను, ఒక్కదాన్నే. ఇటుక బట్టీల కాడ గట్టు అంచు కోసుకుపోయి దిమ్మ గోదాట్లోకి ఒరిగిపోయింది. నా కళ్ళతో చూశాను. ఇంటికెళ్ళి చెప్పాలనుకున్నాను, పిల్లల గొడవలో మర్చిపోయాను. తూము కాడ నిలబడ్డ ఆ ఒక్క క్షణం మాత్రం గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే ముడి వేశాను. ఈ మాట మా ఆయనకి చెప్పలేదు, అన్నవరం కొండెక్కి సత్యన్నారాయణమూర్తి ముందు నిలబడి కూడా చెప్పలేదు. వ్రతం పీటల మీద కూకుని కథ వింటూ కూడా నోరు రాలేదు.

నా ముడి నమ్ముకుని అక్క ఆ బురదలో అక్కడి దాకా ఎళ్ళింది. దిమ్మ లేదు. నేను లేను. మెడ ఆగదు కదా, గంప నేల మీద పెట్టింది. నేను ముందుకెళ్ళి ఉంటాను, మళ్ళీ వత్తాను అనుకుని కూకునుంటది. ముడి వేశాను కదా మరి. వానకి బట్టీల కాడ పనోళ్ళు లేరు. ఎంతసేపు కూకుందో. చేప చెడిపోద్దని, అమ్మగారికి మాటిచ్చానని, చివరికి మోకాళ్ళ మీద కూకుని తనే ఎత్తుకోబోయింది. మెడ కాడ కలుక్కుమంది.

మీ అమ్మమ్మ మెడ ఒక పక్కకి ఎందుకు ఒరిగి ఉండేదని చిన్నప్పుడు అడిగేదానివి నువ్వు. "బరువులు మోసీ మోసీ" అనేది. పెద్దాసుపత్రిలో చూపించాం. ఇంకెప్పుడూ నెత్తి మీద బరువు పెట్టకూడదన్నారు. కుడిచెయ్యి కూడా సగం పట్టు పోయింది. అంతే, ఆవిడ నడక అయిపోయింది. తర్వాత రేవులో కూకుని ఎడంచేత్తో వలలు కుట్టింది, పోయేదాకా.

మీ అమ్మ లక్ష్మి అప్పుడు ఏడో తరగతి. పదకొండేళ్ళు. చదువులో ఎలా ఉండేదో తెలీదు గానీ బొమ్మలు గీసేది, దేశాల పటాలు. ఏ నది ఎక్కడ వంపు తిరుగుద్దో చూడకుండా గీసేదంట. టీచరమ్మ దాని పటం బడి గోడకి అంటించింది. నేనూ ఎళ్ళి చూశాను, గోదారి నీలం రంగులో ఉంది. ఆ నెలలోనే లక్ష్మిని బడి మానిపించారు. గంప ఎవరు మోయాలి మరి? దానికి చిన్న గంప కొన్నారు, ధవళేశ్వరం సంతలో... కాదు కాదు, అది నీళ్ళ బిందె. గంప మా పేటలోనే అల్లించారు.

నువ్వు ఇందాక ఆ నీలం గీత చూపించావు చూడు, నాకు ఆ గోడ గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి ప్రయోజనం లేదు. నేను రాజమండ్రి నుంచి తిరిగి కాలవ దారినే వచ్చాను. తూము కాడికొచ్చాను. ముందు ఆ ముడి విప్పేసెయ్యాలి, ఎవరూ చూడకుండా. అటు పక్క దుబ్బు కాడికెళ్ళాను. ముడి లేదు. విప్పేసి ఉంది. తెంపడం కాదు, మెల్లిగా విప్పి, ఆ రెల్లుగడ్డిని చేత్తో సాపు చేసినట్టుంది. ఇంకొకళ్ళు ముట్టకూడదని చెప్పానా? ఎవరూ ముట్టరు. ఆ రోజు ఆ దారిన వచ్చింది ఒక్క మనిషే.

చూడు మరి. మెడ పట్టుకుని, గంప అక్కడే వదిలేసి, ఆ బురదలో వెనక్కి నడిచొచ్చింది. తూము కాడ కుడిచేతి దారి మొదట్లో తడిమట్టిలో నా అడుగులు ఉంటాయి కదా. నా ఎడమకాలి చిటికెనవేలు ఎడంగా ఉంటది, ఇదిగో చూడు. పన్నెండేళ్ళు నా వెనక నడిచిన మనిషికి నా అడుగు తెలీదా? చూసింది. చూసి, ఆ నొప్పితోనే ఒంగి, నా ముడి విప్పింది. ఎందుకంటావు? నేను చేసింది ఇంకెవరి కంటా పడకూడదని. అంతకంటే నాకు తోచలేదు ఇన్నేళ్ళూ.

ఇంటికొచ్చాను. అక్క మంచం మీద పడుకుని ఉంది, మెడకి వేడి గుడ్డ. గంప అయితే వదిలేసింది గానీ ఆ పులసని మాత్రం కొంగులో చుట్టి తెచ్చింది. మీ అమ్మ చేత పులుసు పెట్టించింది, పక్కనుండి చెప్తూ. మా ఇళ్ళల్లో పులస వండడం అదే మొదలు. నన్ను చూసి, మీ అమ్మతో అంది, "పిన్నికి తలకాయ ముక్క వెయ్యమ్మా, నడిచి నడిచి వచ్చింది." అంతే. నా వంక మామూలుగానే చూసింది. నేను తిన్నాను. తినకపోతే ఎందుకు తినవంటారు కదా, తిన్నాను. అదే ఆఖరు. మళ్ళీ పులస నా నోట పెట్టలేదు. మీరంతా నాకు పడదనుకుంటారు.

తిట్టుంటే బాగుండేది. జుట్టు పట్టుకుని కొట్టినా పడేదాన్ని. ముప్ఫై ఎనిమిదేళ్ళయింది, అక్క పోయి ఆరేళ్ళు, ఒక్క మాట రాలేదు ఆవిడ నోట. నేనైనా అడిగానా? రోజూ అనుకునేదాన్ని, ఇవాళ చెప్పేత్తాను, కాళ్ళ మీద పడతాను అని. రోజూ ఏదో పని వచ్చేది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో పక్కనే కూకున్నాను, "అక్కా" అన్నాను. కళ్ళు తెరిచింది. "ఏంటే" అంది. "నీళ్ళు కావాలా" అన్నాను. చూడు, అదీ నేను.

కాదు, ఒకే ఒక్క మాట అంది. మీ అమ్మ మొదటిసారి గంప ఎత్తుకున్న రోజు. రేవులో అక్క ఎడంచేత్తో దాని నెత్తి మీద గంప సర్దింది, నావైపు తిరిగింది. "నూకాలూ, ఇది చిన్నపిల్ల. దీన్ని వదిలేసి ముందెళ్ళకే" అంది.

నేను ఎళ్ళలేదు పావనీ. అదొక్కటి చెప్పగలను. ఆ రోజు నుంచీ ట్రక్కు ఆటోలు వచ్చి నడకలు మానేసేదాకా, మీ అమ్మ ముందు, నేను వెనక. రేవులో ఆలీసం అయినా ఆగేదాన్ని. అది చిన్న చిన్న అడుగులు వేసేది, నా నెత్తిన నిండు గంప ఉన్నా దాని నడకే నడిచేదాన్ని. మళ్ళీ ముడి ఎప్పుడూ వెయ్యలేదు. వెయ్యాల్సిన పని లేదు కదా, వెనక ఎవరూ లేరు. మీ అమ్మ అందరికీ చెప్తది, మా పిన్ని నన్ను కన్నతల్లిలా చూసుకుంది, ఒక్కరోజు ఒంటరిగా పంపలేదు అని. నీ ముందు కూడా చెప్పుంటది. ఆ మాట విన్నప్పుడల్లా లేచి వంటింట్లోకి ఎళ్ళిపోతాను నేను.

అదీ దారి. నువ్వడిగింది దారి, నేను చెప్పింది ఇది.

ఏ దారి పెట్టాలంటావా? గట్టు దారే పెట్టు. ఇప్పుడు గట్టు మీద రోడ్డు వేశారు, బురద లేదు. ఇసక లారీలు తిరిగే చోట పక్కకి జరగండి. ఇటుక బట్టీల కాడ దిమ్మ ఉన్న చోటు నేను చూపిత్తాను, కారులో తీసుకెళ్ళండి నన్ను. అక్కడ కూకోడానికి ఏదన్నా కట్టించమని మీ మేష్టార్లకి చెప్పు. బెంచీయో ఏదో. ఆవిడ నేల మీద కూకుంది ఆ రోజు. మీ పిల్లల్లో ఎవరన్నా వెనకబడితే ముందున్నోళ్ళు ఆగండి. మీ అమ్మ ఆగమని నోటితో అనదు, నువ్వే చూసుకోవాలి. నీ కాళ్ళు చల్లగా ఉండాలి తల్లీ, నువ్వు గీసిన దారిన పదిమంది సుఖంగా నడవాలి.

ఇది మీ అమ్మకి వినిపించు. నేను లేనప్పుడు వినిపించు. నాకు నోరు రాదు. ఇంట్లో పెట్టి, తలుపేసి, ఒక్కదానికే...

ఆగు. గుమ్మం కాడ చెప్పులు విడుత్తున్న చప్పుడు. అదే. కూర పట్టుకొచ్చినట్టుంది.

ఫోను ఆపకు. అలాగే ఉండనీ. నువ్వు వినిపించక్కర్లేదులే. ఒకసారి ముడి వేసి పారిపోయాను, రెండోసారి కూడా ఎందుకు. కళ్ళు తుడుచుకో.

లక్ష్మీ, లోపలికి రా అమ్మా. పిల్లకేం కాలేదు, నేనే ఏడిపించాను. ఆ గిన్నె అక్కడ పెట్టు, తర్వాత తింటాను. ఇలా రా, నా పక్కన కూకో. తూము కాడ దారి గురించి చెప్తున్నాను దీనికి. నీకు చెప్పాల్సింది ఒకటి ఉండిపోయింది... కూకో తల్లీ, నిలబడి వినే మాట కాదు.